గుట్ట మీద పెట్టిన పేరు

నిన్న సాయంత్రం మా సొసైటీ వెనక ఖాళీ జాగాలో ఎవరో ఎండుటాకులు పోగేసి అంటించారు. సూరత్‌లోని మా అడాజన్‌లో అలా చేస్తే ఎవరో ఒకరు కిటికీలోంచి అరవకుండా ఉండరు. నిన్న కూడా అరిచారు. నేను మాత్రం బాల్కనీ తలుపు మూయలేకపోయాను. ఆ పోగులో టేకాకులున్నాయి. టేకాకు కాలితే వచ్చే పొగ వేరు. కాస్త వగరుగా ఉంటుంది, గొంతులో గరగరలాడుతుంది, అయినా ఇంకాస్త పీల్చాలనిపిస్తుంది. అది ముక్కుకు తగలగానే మా మామ గుర్తొచ్చారు. మామ అంటే నా భర్త శీను తండ్రి, రాజేశం. ఆయన పోయి మూడేళ్ళు కావస్తోంది.

మీలో ఎవరూ ఆయన్ని చూసి ఉండరు. చూసి ఉంటే మర్చిపోరు. ముందు ఆయన గొంతు వినబడేది, ఆ తర్వాతే మనిషి కనబడేవారు. సిరిసిల్ల దగ్గరి ఊరి నుంచి కుర్రతనంలో సూరత్ వచ్చి, కార్ఖానాలో పవర్‌లూమ్ మగ్గాలు నడిపి, తర్వాత ఆగిపోయిన మగ్గాలను బాగుచేసే మేస్త్రీ అయ్యారు. బతుకంతా ఆ టకటకల మధ్య గడిచినవాళ్ళకు మెల్లగా మాట్లాడటం రాదు. ఇంట్లో మంచినీళ్ళు అడిగితే పక్కింటివాళ్ళు చెంబు పట్టుకొచ్చేలా అడిగేవారు. కొత్తకోడలిగా వచ్చిన మొదటి నెలంతా ఆయన ఎవరిమీదో కోప్పడుతున్నారనే అనుకున్నాను. బిక్కుబిక్కుమంటూ వంటింట్లోనే ఉండేదాన్ని. మా ఆడబిడ్డ రేఖ అది కనిపెట్టి ఒకటే నవ్వు. "పప్పాకి గుస్సా ఏం లేదు వదినా. ఆయన గొంతే అంత" అంది.

పెళ్ళయిన రెండో ఏడాది నాకు ఏడో నెలలోనే కాన్పయింది. ఆడపిల్ల. ప్రాణంతో పుట్టలేదు. "నువ్వు చూడకు, చూస్తే మర్చిపోలేవు" అన్నారు చుట్టూ ఉన్నవాళ్ళు. మత్తులో ఉన్నాను, తలూపాను. మామ, శీను తీసుకెళ్ళి మట్టిలో పెట్టి వచ్చారు. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. అత్తమ్మ వేళకు పథ్యం వండిపెట్టింది. నేను ఉతికి మడిచి పెట్టుకున్న చిన్నచిన్న బట్టలు బీరువాలోంచి ఎప్పుడు మాయమయ్యాయో తెలియదు. శీను పొద్దున వెళ్ళినవాడు ఎప్పుడో వచ్చేవాడు, కళ్ళు కలపకుండా అన్నం తినేవాడు. చూడటానికి వచ్చినవాళ్ళంతా "చిన్నదానివే గద, మళ్ళ అయితరు" అని చాయ్ తాగి వెళ్ళేవాళ్ళు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. ఏమనాలో తోచక అన్న మాట అది. కానీ అది విన్న ప్రతిసారీ, నాకసలు ఎవరూ పుట్టనే లేదేమో అనిపించేది.

ఇంతలో దీపావళి వచ్చింది. దీపావళికి సూరత్‌లో మగ్గాలు ఆగుతాయి. ఏడాది పొడుగునా చెవుల్లో ఉండే చప్పుడు ఆగిపోయి, మన గల్లీలో మన చెప్పుల శబ్దమే మనకు కొత్తగా వినిపిస్తుంది. ఆ సెలవుల్లోనే తెలుగువాళ్ళంతా సంచులు సర్దుకుని ఊళ్ళకు బయల్దేరుతారు. ఆ ఏడాది మా చిన్నమామ, అంటే మామ తమ్ముడు, తన మనవణ్ణి ఉయ్యాలలో వేసి పేరు పెట్టే తొట్టెల వేడుక ఆ సెలవుల్లోనే పెట్టుకున్నారు. ఆ బాబు తల్లీ నేనూ ఒకేసారి నెల తప్పాం. మీకు ఏం తినాలనిపిస్తోంది, మీకు కాళ్ళు వాస్తున్నాయా అని ఫోన్లో చెప్పుకునేవాళ్ళం. ఇప్పుడు ఆమె బిడ్డను తొట్టెలలో వేస్తుంటే నేను పక్కన నిలబడి పాట పాడాలి. రానని అనడానికి నాకు నోరు లేదు. పండగపూట కోడలు అలా అంటే దానికి ఎన్ని అర్థాలు తీస్తారో తెలుసు. అందుకని సంచీ సర్దేశాను. ఆ పసివాడికి జుబ్బా కూడా కొన్నాను.

ఒక పొద్దున మామ గడపలో కూర్చుని చాయ్ తాగుతూ, వీధి వీధంతా వినేలా చెప్పారు.

"ఈసారి ఊరికి పోవుడు లేదు. డాంగ్ గుట్టలకు పోదాం. నాలుగు దినాలు అడవిల ఉందాం."

అత్తమ్మ చేతిలో చీపురు అలాగే ఉండిపోయింది. "ఏంది? తమ్ముని మనుమని తొట్టెల ఇడిసిపెట్టి గుట్టల పొంటి తిరుగుదమా? నలుగురు ఏమంటరు?"

"అననియ్. ఇన్నేండ్ల సంది సూరత్‌ల ఉంటున్న, గా గుట్టలు ఒక్కసారన్న సూడలే. సచ్చేలోపల సూడాలె గద!"

"పండుగపూట గవేం మాటలు!"

ఆయన నావైపు చూడనైనా లేదు. నేను చేటలో బియ్యం ఏరుతున్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగి రాయేదో బియ్యమేదో కనిపించలేదు.

రేఖ ఫోన్లో రకరకాల టెంట్లు చూపించింది. "బట్ట నేసేటోని ఇంట్ల బట్ట గుడిసె కొంటరా?" అని మామ కొట్టిపారేసి, సలాబత్‌పురాలో తెలిసిన దుకాణం నుంచి ఒక మూట డ్యామేజ్ చీరలు తెచ్చారు. గులాబిరంగు మీద పెద్దపెద్ద పసుప్పచ్చ పువ్వులు. ప్రింటు జరిగిపోయి పువ్వు మీద పువ్వు పడింది. అత్తమ్మ తిడుతూనే మిషను ముందు కూర్చుంది. తిడుతూనే రెండు వరసలు కుట్టింది, గాలికి చిరగకూడదని. మంచుకు తడవకుండా పైన వేయడానికి ప్లాస్టిక్ కవరు కొన్నాం. శీను స్నేహితుడి వ్యాన్ అడిగి తెచ్చాడు. గిన్నెలు, దుప్పట్లు, సకినాల డబ్బా, అత్తమ్మ పసుపు కుంకుమలు అన్నీ అందులోకి ఎక్కాయి. వ్యారా ఊరు దాటాక చెరకు తోటలు అయిపోయి, రోడ్డుకు రెండువైపులా టేకు చెట్లు మొదలయ్యాయి. రేఖ పాటలు ఆపేసి కిటికీ అద్దం దించింది.

ఫారెస్టు గార్డు మాకు వాగు ఒడ్డున ఒక చదును జాగా చూపించాడు. పెద్ద మంట వద్దనీ, చెత్త వదిలి వెళ్ళొద్దనీ గుజరాతీలో రెండుసార్లు చెప్పి పోయాడు. చుట్టూ గుట్టలే. ఒకదాని వెనక ఒకటి, దూరం పోయినకొద్దీ నీలంగా. వెదురు గడలు పాతి చీరల గుడారం లేపాం. నెత్తిన కట్టెల మోపులతో పోతున్న ఆడవాళ్ళు ఆగి చూసి, "సాడీ కా ఘర్!" అని ఒకరినొకరు తోసుకుంటూ నవ్వారు. అత్తమ్మకు పామంటే భయం, తేలంటే భయం, చెట్టు చాటుకు పోవాలంటే సిగ్గు. అయినా ముందు వెళ్ళి వాగుకు పసుపు కుంకుమ వేసి, దండం పెట్టి, అప్పుడే నీళ్ళు ముంచుకుంది.

సాయంత్రం పొయ్యి రాజేస్తుంటే మామ వాగు దగ్గరున్న కొడుకును కేకేశారు. "శీనూ! సన్న పుల్లలు పట్కరారా!" ఆ అరుపుకి పైనున్న చెట్టులోంచి పక్షులన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి.

"పప్పా, ఇక్కడ మగ్గాల్లేవు. ధీరే బోలో నా" అంది రేఖ.

ఆయన లేచిపోయిన పక్షులనే చూస్తూ నిలబడ్డారు. "గింత గట్టిగ మాట్లాడ్తనా నేను?" అన్నారు. ఆ మాట మాత్రం మెల్లగా వచ్చింది. కాస్త బొంగురుగా, మెత్తగా ఉన్న గొంతు. అన్నాళ్ళుగా ఒకే ఇంట్లో ఉండి నేనెప్పుడూ వినలేదు. అత్తమ్మ పొయ్యిలోకి టేకాకులు తోస్తూ, తల ఎత్తకుండా, "పెండ్లయిన కొత్తల గిట్లనే మాట్లాడేటోడు" అంది.

మర్నాడు పొద్దున ఎండకు చీర పువ్వుల నీడలన్నీ మా దుప్పట్ల మీద పడ్డాయి. నేను ఇంకా లేవకముందే బయటి నుంచి మామ పిలుపు. "బిడ్డా, గా గుట్ట మీదికి పోయొద్దాం. అస్తవా?" పచ్చి ఒళ్ళు, వద్దంది అత్తమ్మ. "జర మెల్లగ పోతం తియ్" అని నా చేతికో వెదురు కర్ర ఇచ్చి ఆయన ముందు నడిచారు. ముళ్ళకొమ్మ అడ్డం వస్తే పక్కకు వంచి, నేను దాటేదాకా పట్టుకునేవారు. ఎక్కడా తొందర లేదు. సగం పైన రాతిబండ మీద కూర్చున్నాం. కింద మా గుడారం గులాబిరంగు చుక్కలా కనిపిస్తోంది. దాని పక్కనే పొయ్యి పొగ.

"ఊరికి ఎందుకొద్దన్నరు మామా?" అని అడిగాను.

"చెప్పిన గద. గుట్టలు సూడాలనిపిచ్చింది."

అంతకుమించి చెప్పరని అర్థమైంది. తర్వాత నేను అనుకోకుండానే, ఇన్ని నెలలుగా లోపల ఉన్నది బయటికి వచ్చేసింది.

"మామా, పాప ఎట్లుండె?"

ఆయన భుజం మీది తువ్వాల తీసి మోకాళ్ళ మీద పెట్టుకున్నారు.

"తెల్లగుండె, నీ లెక్క. జుట్టు మస్తుండె బిడ్డా. నల్లగ, నుదుటికి అంటుకోనుండె. చేతి ఏళ్ళు పొడుగు, మన శీనుగాని ఏళ్ళే. కండ్లు మూసుకోని, నిద్రవోయినట్టే ఉండె." మోకాళ్ళ మీది తువ్వాలను చేత్తో సర్దారు. "దవాఖానోళ్ళు ఇచ్చిన బట్ట గరుకుగుండె. నాకు మనసొప్పలే. నా తువ్వాల మస్తుసార్లు ఉతికింది, మెత్తగైంది. దాంట్ల సుట్టిన."

"నాకెవరూ చెప్పలే మామా."

"అడుగుతవేమోనని సూసిన. అడగకుంటె నేనై చెప్పాలంటె బుగులైంది. ఇంట్ల నా గొంతుకు చెప్పే ముచ్చట గాదది. గల్లీ అంత ఇంటది."

నేను ఏడ్చాను. ఆస్పత్రిలో కూడా అంత ఏడవలేదు. ఆయన ఊరుకోమ్మా అనలేదు, మళ్ళీ పుడతారనీ అనలేదు. పక్కన కూర్చున్నారంతే. నా ఏడుపు దానంతటదే తగ్గాక అడిగారు.

"పేరేమన్న అనుకున్నవా?"

"సహస్ర అనుకున్న." ఆ పేరు శీనుకు కూడా చెప్పలేదు అప్పటికి.

ఆయన లేచి, గుట్టలవైపు తిరిగి నిలబడ్డారు. "సహస్ర" అన్నారు ఒక్కసారి, మెల్లగా. కొంచెంసేపు ఆ మాట నోట్లో ఉంచుకున్నట్టు ఉండి, "మంచిగున్నది" అన్నారు. తొట్టెల లేదు, పాట లేదు, చుట్టాలు లేరు. నా బిడ్డకు పేరు పెట్టడం అలా జరిగింది.

కిందికి దిగేసరికి శీను వాగులో గిన్నెలు తోముతున్నాడు. పక్కన నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని పేరు చెప్పాను. పీచు పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. "నేను సూడలే కవితా. బాపు చూపిస్తనంటె మొఖం తిప్పుకున్న" అన్నాడు. ఆ ఒక్క మాట చెప్పలేకే ఇన్నాళ్ళూ నా ముఖం చూడలేకపోయాడని అప్పుడు తెలిసింది. మామ నాకు చెప్పినవన్నీ నేనతనికి చెప్పాను, జుట్టు సంగతి, వేళ్ళ సంగతి. అతను తన వేళ్ళకేసి చూసుకున్నాడు. ఈలోగా మేం వదిలేసిన పళ్ళెం ఒకటి వాగులో కొట్టుకుపోతుంటే రేఖ పరికిణీ ఎగ్గట్టి "అరే పకడో, పకడో!" అంటూ దాని వెంటపడి, నీళ్ళలో చతికిలబడింది. అత్తమ్మ ఒడ్డు నుంచి తిట్టడం మొదలుపెట్టింది. మా ఇద్దరికీ నవ్వొచ్చింది.

చిన్నమామ మాత్రం నొచ్చుకున్నారు. చాలాకాలం ఫోన్ చేయలేదు. మామ ఇంట్లో ఆ విషయం ఎత్తేవారు కాదు. కొన్నేళ్ళ తర్వాత ఒక పెళ్ళిలో చిన్నత్త నన్ను పక్కకు పిలిచి చెప్పింది. మామ ఆ తర్వాత ఒంటరిగా ఊరెళ్ళి, తమ్ముడి ముందు కూర్చుని అన్నారట: "నా కోడలిని తొట్టెల ముంగట నిలబెట్టి పాట పాడుమనుడు నాతోని గాలే. తప్పు నాదే. తిడితే నన్ను తిట్టు." తమ్ముడు తిట్టలేదట. ఇద్దరూ కలిసి అన్నం తిన్నారట.

సెలవులు అయిపోయి మగ్గాలు మొదలవగానే మామ గొంతు మళ్ళీ ఎప్పటిలాగే అయిపోయింది. మాకు బాబు పుట్టాడు, అడాజన్‌కు మారాం, రేఖ పెళ్ళి చేశాం. ఆ బండ మీది సంగతి మామా నేనూ మళ్ళీ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. మాట్లాడాల్సిన అవసరం నాకు కనిపించలేదు.

పోయిన వానాకాలం మా అంతస్తులోనే ఉండే హేతల్ అనే అమ్మాయి పాప దక్కక ఆస్పత్రి నుంచి వట్టి చేతులతో తిరిగొచ్చింది. సొసైటీ ఆడవాళ్ళం ఒక్కొక్కరమే వెళ్ళి చూసొస్తున్నాం. నేను వెళ్ళేసరికి ఆ అమ్మాయి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నా ముందు వచ్చినావిడ చిన్నదానివే కదా అని చెప్పి లేచి వెళ్ళింది. నేను కుర్చీ దగ్గరకు జరుపుకున్నాను. ఏం ధైర్యం చెప్పాలో నాకూ తెలియదు.

"బచ్చీ కిస్ పర్ గయీ థీ?" అని అడిగాను. పాపది ఎవరి పోలిక అని.

వంటింట్లోంచి ఆమె అత్తగారు తొంగిచూసి నావైపు ఒక చూపు చూసింది. హేతల్ మెల్లగా ఇటు తిరిగింది. ముక్కును వేలితో తాకి, "యే మేరీ జైసీ థీ" అంది, ఇది అచ్చం నాదేనని. ఇంకా చెప్పాల్సింది ఉన్నట్టు లేచి కూర్చుని, మంచం మీద కాస్త పక్కకు జరిగి నాకు చోటిచ్చింది.