ఐదు లక్షల పదివేల ఐదువందల పది

తిరుత్తణి శేషాద్రికి లెక్కల పిచ్చి. ఆవడి ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద పనిచేసినన్నాళ్ళూ లోకల్ రైల్లో పక్కవాళ్ళ బుర్ర తినేవాడు. అందరికీ ఇష్టదైవం ఉన్నట్టు అతనికో ఇష్టమైన సంఖ్య ఉండేది: 510510. రెండు, మూడు, ఐదు, ఏడు, పదకొండు, పదమూడు, పదిహేడు. ఈ మొదటి ఏడు ప్రధాన సంఖ్యలనూ గుణిస్తే వచ్చేది అదే. ఏడింటితోనూ శేషం లేకుండా పోయే వాటిలో అంతకంటే చిన్నది లేదు. పైగా, ఏ మూడంకెల సంఖ్యనైనా పక్కపక్కనే రెండుసార్లు రాస్తే ఏడు, పదకొండు, పదమూడుతో పోయి తీరుతుందట. భార్య వనజాక్షికి ఇదంతా వినీ వినీ ప్రాణం విసిగింది. కూరలో ఉప్పు లేదని చెప్పడం మరిచినా ఇది చెప్పడం మరవడు మహానుభావుడు.

రిటైరయ్యాక అతనికి మతిమరుపు మొదలైంది. స్నానం చేసొచ్చి మళ్ళీ నీళ్ళు తోడుకునేవాడు. కూతురు నిత్య పోరు పడలేక తిరువళ్ళూరులో డాక్టరుకు చూపించారు. ఆ డాక్టరమ్మ మంచిది. లెక్కల మనిషని విని ఆ సంఖ్య గురించే అడిగింది. శేషాద్రికి అదే గుర్తు రాలేదు. వచ్చేసారి మళ్ళీ అడుగుతాను, అప్పుడు స్కాన్ సంగతి చూద్దామంది.

వనజాక్షి దాన్ని పరీక్షే అనుకుంది. గట్టెక్కితే జబ్బు లేనట్టేనని నమ్మింది. హడలిపోయిన మనిషికి ఇంకేం తోస్తుంది? పిల్లల చేత ఎక్కాలు అప్పజెప్పించినట్టు, రోజూ కాఫీకి ముందే అతన్ని కూర్చోబెట్టేది.

"ఇంకో తూరి చెప్పు మామా. పదమూడు అయినంక?"

"పదిహేడు."

"మూడంకెలు రెండు తూర్లు రాస్తే?"

"ఏడు, పదకొండు, పదమూడు. మూడిట్లోనూ పోతాది."

ఎందుకు పోతుందో మాత్రం చెప్పలేదు. అలా రాయడమంటే వెయ్యిన్నొకటితో, అంటే ఆ మూడింటి లబ్ధంతో గుణించినట్టే గదా అని, వెనకటికైతే అడక్కుండానే మొదలుపెట్టేవాడు. ఆమె అది గమనించింది. అయినా కాఫీ చేతికిచ్చింది.

డాక్టరమ్మ ముందు గడగడా అప్పజెప్పాడు. ఆమె ముఖం విప్పారింది. చాలా నయమమ్మా, స్కాన్ ఇప్పుడొద్దు, ఆరు నెలల తర్వాత రండి అంది. నేనే బట్టీ పట్టించానన్న మాట వనజాక్షి గొంతుదాకా వచ్చింది. మింగేసింది.

స్టేషన్‌లో తిరుత్తణి బండి కోసం బెంచీ మీద కూర్చున్నారు. శేషాద్రి హుషారుగా ఉన్నాడు. ఆమె వైపు తిరిగి మర్యాదగా చేతులు జోడించాడు.

"బాగా నేర్పిచ్చినారు టీచరమ్మా. ఇంటికాడ నా పెండ్లాం కాసుకోని ఉంటాది. నేను పొయ్యొస్తా."

వనజాక్షికి ఏడుపు రాలేదు, భయమేసింది. బండి వచ్చింది. ఆమె అతన్ని ఎక్కనివ్వలేదు. చెయ్యి గట్టిగా పట్టుకుని, డాక్టరమ్మకు నిజం చెప్పడానికి వెనక్కి నడిచింది.