గొళ్ళానికి కట్టిన ఎర్రగుడ్డ

నా చిన్నప్పుడు మేడ్చల్ రైల్వే స్టేషన్ వెనక, ఒకే గోడకు అటూ ఇటూ ఉన్న గదుల్లో మేమూ, నాందేడ్ వైపు నుంచి వచ్చిన మరాఠీ వాళ్లూ కిరాయికి ఉండేవాళ్లం. పక్కింటి అక్క మొగుడు రైలు పట్టాలు బాగుచేసే గ్యాంగులో పనిచేసేవాడు. మా నాయినది గోడలు కట్టే సుతారి పని. మంచివాడే, కానీ కల్లు కాంపౌండు నుంచి వచ్చాడంటే అన్నం మెత్తగా ఉన్నా కోపమే, పలుకుగా ఉన్నా కోపమే.

ఒక ఆదివారం పగటిపూట పప్పు గిన్నె వెళ్లి గోడకు తగిలింది. ఇక చాలని అమ్మ బట్టల మూట కట్టి, చెల్లెను చంకనేసుకుని తల్లిగారింటికి బయలుదేరింది. ఎవరి వెంట ఉండాలో తెలియక నేను గడప మీదే నిలబడిపోయాను. అప్పుడు ఆ అక్క వచ్చి అమ్మ చెయ్యి పట్టుకుని తనింట్లో కూర్చోబెట్టింది.

"మా ఆయన గూడ గిట్లనే ఉండె వదినా. ఆయన మరాఠీల తిడుతుండె, మీ ఆయన తెలుగుల తిడ్తడు. గంతే ఫరక్."

ఏడుస్తున్న అమ్మకు నవ్వొచ్చింది.

పట్టా చెడితే గ్యాంగువాళ్లు ఎర్రజెండా పాతుతారట, అక్క చెప్పింది. రైలు ఎంత జోరు మీదున్నా అల్లంత దూరానే ఆగిపోవాలి, బాగుచేసి జెండా తీసేదాకా కదలకూడదు. అక్క వాళ్లింట్లోనూ తాగినవాళ్లు, కోపమొచ్చినవాళ్లు గొళ్ళానికి ఎర్రగుడ్డ కట్టి బయటే కూర్చోవాలని కట్టుబాటు పెట్టుకున్నారు. అలా కూర్చుని కూర్చుని ఆమె మొగుడు తాగుడే మానేశాడట. చిరిగిన జెండా గుడ్డ ఒకటి తెచ్చి అక్క అమ్మ చేతిలో పెట్టింది.

అమ్మ దాన్ని నాయిన ముందు వేసి, "తాగి గీ గడప దాటితివా, ఇగ నేనీడ ఉండ," అంది.

వారం తర్వాత నేను బడి నుంచి వచ్చేసరికి గొళ్ళానికి ఎర్రగుడ్డ ఉంది. నాయిన అరుగు మీద తల వంచుకుని కూర్చున్నాడు. చెంబుతో నీళ్లిస్తే తాగి, "నువ్వు లోపలికి పో బిడ్డా. నాకింకా జెండ దియ్యలే," అన్నాడు.

ఆయన తాగుడు ఒక్కసారే పోలేదు, మెల్లగా తగ్గింది. కానీ దాన్ని ఇంట్లోకి మాత్రం మళ్లీ తేలేదు. అమ్మ మళ్లీ మూట కట్టలేదు.

నా బిడ్డ పెళ్లికి చీరల మధ్య ఆ గుడ్డ కూడా పెట్టి పంపాను. మొన్న తుర్కపల్లిలో వాళ్లింటికి వెళ్తే అది గొళ్ళానికి వేలాడుతోంది. అల్లుడేమో అనుకుని గబగబా నడిచాను. చూస్తే మెట్టు మీద కూర్చున్నది నా బిడ్డే.

"కోపం నాదే అమ్మా," అంది.

నేనూ పక్కన కూర్చున్నాను. లోపల అల్లుడు పప్పుకు పోపు పెడుతున్న వాసన వస్తోంది. ఎక్కడున్నా ఆ అక్క చల్లగా ఉండాలని మనసులోనే మొక్కుకున్నాను.