టీవీకి అడ్డం నిలబడిన పెద్ద సిస్టర్

పోయిన మంగళవారం వనపర్తిలో ఓపీ చూస్తుండగా గద్వాల నుంచి ఫోను వచ్చింది. "అమ్మ పొద్దున పోయింది మేడమ్," అంది పెద్ద సిస్టర్ కూతురు. రాసే చీటీ సగంలో ఆగిపోయింది. ఎదురుగా కూర్చున్న ముసలాయన ఏమైందని అడిగాడు.

నాగర్‌కర్నూల్ వైపు ఒక దవాఖానలో నేను కొత్త డాక్టరుగా చేరినప్పుడు పెద్ద సిస్టర్ అక్కడ హెడ్ నర్సు. వార్డులో నడుస్తూ ప్రతి మంచం దగ్గరా రోగి పాదం తాకేది. ఒకసారి ఒక తాత కాళ్లు ముడుచుకుని, "నా కాళ్లు మొక్కుతవేందమ్మా?" అన్నాడు. "మొక్కుతలేను తాతా, సల్లగున్నయా ఎచ్చగున్నయా సూస్తున్న," అని నవ్వింది.

నాలుగేళ్ల కిందట మా దవాఖానకు పెద్ద టీవీ, కెమెరా వచ్చాయి. హైదరాబాదులోని పెద్ద డాక్టర్లు అందులో కనిపించి సలహా చెప్పేవారు. మాకు అదో గొప్ప ధైర్యం. మాట మాత్రం కాస్త ఆలస్యంగా చేరేది. అటూ ఇటూ ఒకేసారి మాట్లాడి, ఒకేసారి ఆగేవాళ్లం. అందుకని ఒక్క మాట కూడా జారిపోకుండా అందరం టీవీ వైపే మెడలు చాచేవాళ్లం. తెర మూలన చిన్న పెట్టెలో మా బొమ్మ మాకే కనిపించేది. నేను అందులో చూసుకుని కొంగు సరిచేసుకునేదాన్ని. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

ఒకరోజు బిజినేపల్లి దగ్గరి రైతును తీసుకొచ్చారు. చేనులో కలుపు తీస్తుంటే నాగుపాము కరిచింది. విరుగుడు మందు ఎక్కించడం మొదలుపెట్టాం. మాట్లాడుతున్నాడు, నీళ్లు అడిగాడు. ఇంకా ఎంత మందు ఇవ్వాలో అడుగుదామని మంచంతో సహా టీవీ గదిలోకి తెచ్చాం. నేను కేసు చెబుతున్నాను. ఇంకో డాక్టరు, ఇద్దరు నర్సులు నా పక్కనే ఉన్నారు. మంచం మా వెనక ఉంది. మూలన చిన్న బొమ్మలో అతను కనిపిస్తూనే ఉన్నాడు, హాయిగా నిద్రపోతున్నట్టుగా.

"మేడమ్, జర ఇటు సూడుండ్రి," అంది పెద్ద సిస్టర్.

తల తిప్పకుండా, ఆగమని చేయి చూపాను. తెర మీది డాక్టరు మందు లెక్క చెబుతున్నారు.

"మేడమ్."

"ఒక్క నిమిషం సిస్టర్."

ఆమె వచ్చి నాకూ టీవీకీ మధ్యలో నిలబడింది. గొంతు పెంచలేదు. "రెప్పలు లేస్తలేవు. ఉమ్మి మింగుతలేడు. ఊపిరి మీదమీదనే ఆడుతుంది," అంది.

వెనక్కి తిరిగేసరికి అతని పెదవులు నల్లబడుతున్నాయి. ఆ తర్వాత అతని గొంతులోకి ఊపిరి గొట్టం ఎలా వేశానో నాకు సరిగా గుర్తులేదు. ఆమె అప్పటికే చేత్తో నొక్కి ఊపిరి అందించే రబ్బరు సంచి పట్టుకుని ఉంది. తెరలోంచి "హలో, వినిపిస్తుందా?" అని అడుగుతూనే ఉన్నారు.

మా దగ్గర ఊపిరి మిషన్ లేదు. జిల్లా దవాఖానకు బయల్దేరాం. దారంతా ఆమె, నేను మార్చి మార్చి సంచి నొక్కాం. గుంతల్లో బండి ఎగిరినప్పుడల్లా గొట్టం జారిందేమోనని నా ప్రాణం పోయేది. రైతు భార్య, "బతుకుతడా అమ్మా?" అంది.

"గది నాకు తెల్వదు బిడ్డా. ఇప్పుడైతే ఊపిరి పోతుంది, వస్తుంది. నువ్వు ఆయన చెయ్యి పట్టుకో," అంది పెద్ద సిస్టర్.

రెండు రోజులు మిషన్ మీద ఉన్నాడు. నాకు అన్నం సయించలేదు. ఫోను మోగితే భయం, మోగకపోతే భయం. మూడోరోజు తనంతట తాను ఊపిరి తీసుకుంటున్నాడని కబురు వచ్చాక మందుల గదిలోకి వెళ్లి ఏడ్చాను. ఆమె వెనకే వచ్చింది.

"మీరు మూడుసార్లు పిలిచారు. నేను తిరగలేదు సిస్టర్."

"రెండుసార్లే మేడమ్. మూడోసారి అడ్డం నిలబడ్డ." నా పక్కన కూర్చుని అంది: "టీవీల ఉన్నోళ్లకు మనం సూపెట్టిందే కనబడ్తది. అది ఆళ్ల తప్పు కాదు. ఈ గదిల ఉన్నది మనమే కద."

ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. కానీ ఆనాటి నుంచి టీవీ పెట్టే ముందు, "రోగిని ఎవరు సూస్తరు?" అని అడిగేది. ఒకరు తమ పేరు చెప్పేదాకా స్విచ్ వేయనిచ్చేది కాదు. ఆ ఒకరు తెరకు వీపు పెట్టి కూర్చోవాలి. మొదట్లో కొందరు గొణిగారు. తర్వాత అది మాకు చేతులు కడుక్కోవడమంత మామూలైపోయింది.

రిటైరయ్యాక ఆమె గద్వాలలో తమ్ముడింటి పక్కనే ఉంది. పోయిన నెల గుండె జబ్బు ముదిరిందని తెలిసి చూడటానికి వెళ్లాను. మంచం పక్కన కూర్చోగానే రిపోర్టుల ఫైలు తెరిచాను. ఒక్కో కాగితం తిప్పుతుంటే ఆమె మెల్లగా ఫైలు లాగి దిండు కింద పెట్టుకుంది.

"అవి తర్వాత సూద్దురు. చానా రోజులకొచ్చిండ్రు. కూసోండ్రి," అంది.

అలాగే కళ్లు మూసుకుంది. పక్కింట్లో మగ్గం ఆడుతూ ఆడుతూ అన్నం వేళకు ఆగింది. ఆ నిశ్శబ్దంలో ఆమె ఊపిరి వినిపించింది. మెడ కింది గుంట లోపలికి పోతోంది, పైకి వస్తోంది. లోపలికి పోతోంది, పైకి వస్తోంది. నేను చూస్తూ కూర్చున్నాను.