మూడోసారి చిరిగిన బుష్షులు

ఎనిమిది నెలల్లో ఇది మూడోసారి. దువ్వాడలో కొండలరావు షెడ్డు ముందు కార్తీక్ జీపు మళ్లీ వచ్చి నిలబడింది. ఎత్తు పెంచిన జీపు, లావుపాటి టైర్లు, ఎక్కడమే ఒక పని. కింద దూరి చూస్తే, చక్రాలను బండికి పట్టి ఉంచే ఆర్ముల్లో రబ్బరు బుష్షులు పేలికలైపోయాయి. కొండలరావుకి ఒళ్లు మండిపోయింది. బుష్షులు మంచివి, ఎక్కించిన చెయ్యి ఇరవై రెండేళ్ల అనుభవమున్న చెయ్యి. మరెందుకు పోతున్నాయి, ఖర్మ కాకపోతే?

ఈసారి కూడా పోతే తన స్నేహితుల జీపులన్నీ వేరే షెడ్డుకి వెళ్తాయని కార్తీక్ మొహమ్మీదే చెప్పి డ్యూటీకి పోయాడు. పన్నెండు జీపులు! అవి పోతే కొండలరావు మళ్లీ ఆటోలకి పంక్చర్లు వేసుకోవాలి. కార్తీక్ ఎప్పటిలాగే జీపుకి కాపలాగా తన తండ్రిని దింపి వెళ్లాడు. ఆ భీమశంకరరావు స్టీల్‌ప్లాంట్‌లో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. ఒళ్లో తన స్పానర్ ఉన్న రెక్సిన్ సంచి, నోట్లో సలహాలు.

కొత్త బుష్షులు ఎక్కించేసరికి మధ్యాహ్నమైంది. కొండలరావు బోల్టులు చేత్తో మాత్రమే తిప్పి, బిగించకుండా వదిలాడు. బండి జాకీల మీద గాల్లో ఉండగా బిగిస్తే, దించగానే రబ్బరు మెలిపడి నాలుగు రోజుల్లో చిరుగుతుంది. చక్రాల మీద బరువు పడ్డాకే బిగించాలి. హమ్మయ్య అనుకుని అన్నానికి వెళ్లాడు.

తిరిగొచ్చేసరికి జీపు కింద నుంచి రెండు కాళ్లు బయటికి కనిపించాయి.

“ఏటి సేత్తన్నారు బాబూ?”

“బోల్టులన్నీ వదిలేసి పోయావు కదయ్యా. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో ఒక్క బోల్టు లూజుగా ఉంచి లోడు దించలేదు నేను. నువ్వు మరిచిపోతావనే ప్రతిసారీ బిగిస్తున్నా.”

కొండలరావు తల బాదుకున్నాడు. ప్రతిసారీనట! ప్లాంటులో అది ప్రాణాలు కాపాడే పద్ధతే, కాదనడు. కానీ రబ్బరుకి ఆ సంగతి ఎవరు చెప్పాలి? మెలి సంగతి విడమరిచి, రెండు జతల బుష్షులు ఎవరి పుణ్యాన పోయాయో గట్టిగానే చెప్పాడు. పెద్దాయన మొహం మాడిపోయింది. అయినా నెమ్మదిగా అడిగాడు.

“దించాక నువ్వూ స్పానర్ పెట్టుంటావు కదా. ముందే బిగిసి ఉంటే అనుమానం రాలేదా?”

కొండలరావుకి ఆ అనుమానం రాకపోలేదు. వచ్చింది, రెండుసార్లూ వచ్చింది. నేనే బిగించానేమోలే అనుకున్నాడు. ఆ ఎండలో మళ్లీ విప్పే ఓపిక లేక లేచి వచ్చేశాడు. ఇన్నాళ్లూ బుష్షులు చేసినవాణ్ని, అమ్మినవాణ్ని, కార్తీక్ తోలే రాళ్లదారుల్ని తిట్టుకుంటూ కూర్చున్నాడు.

బోల్టులన్నీ వదులు చేసి, జీపు దించి, కింద దూరి ఒక్కొక్కటీ బిగించాడు.

సాయంత్రం కార్తీక్ వచ్చి, తప్పెక్కడో ఇప్పటికైనా దొరికిందా అని అడిగాడు. భీమశంకరరావు తల దించుకుని స్పానర్ తుడుస్తున్నాడు.

“దొరికింది బాబూ. దించినాక బోల్టులు ఇప్పి సూడాల. నాను సూడలేదు.”

కార్తీక్ విసుక్కుంటూ, ఇదే ఆఖరిసారని చెప్పి జీపెక్కాడు. భీమశంకరరావు సంచి తీసుకున్నాడు గానీ తన స్పానర్ అందులో పెట్టుకోలేదు. దాన్ని కొండలరావు పనిముట్ల డబ్బాలో పెట్టి, మూత వేసి వెళ్లాడు.