ఆల్బమ్‌లో నా నంబరు

మా సర్దార్ కాక చనిపోయాడని మంగళవారం పొద్దున ఫోన్ వచ్చింది. చాయ్ తాగి, కప్పు కింద పెట్టి, గోడకు ఆనుకుని కూర్చున్నవాడు మళ్లీ లేవలేదట. చెప్పులు వేసుకుంటూ ఆగిపోయాను. ఏడుపు కంటే ముందు నాకు ఇంట్లో దాచిన ఒక అట్టముక్క గుర్తొచ్చింది. ఆ సంగతి మీకు చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

గోదావరిఖనిలో నేను బొగ్గుబాయి దిగిన మొదటి రోజు నుంచి ఆయనే మా సర్దార్. గ్యాంగును లోపలికి తీసుకెళ్లి క్షేమంగా పైకి తెచ్చే బాధ్యత ఆయనది. షిఫ్టు అయ్యాక బాయి ముందర నిలబడి మమ్మల్ని రెండుసార్లు లెక్కపెట్టేవాడు. ఒకసారి వేళ్ల మీద, ఇంకోసారి ముఖాలు చూసి. "నంబరు తప్పుతది గని మొఖం తప్పది" అనేవాడు.

అంత గట్టి మనిషికి బబుల్‌గమ్ పిచ్చి అంటే కొత్తవాళ్లు నమ్మేవాళ్లు కాదు. ఆ రోజుల్లో బబుల్‌గమ్‌తో పాటు క్రికెట్ ఆటగాళ్ల కార్డులు వచ్చేవి. కార్డు కాకకు, గమ్ మాకు. బాయిలో బీడీ ముట్టించకూడదు కదా, ఆయన పుణ్యమా అని గ్యాంగంతా దవడలు నొప్పి పుట్టేదాకా నమిలేది. పేరున్న ఆటగాళ్ల కార్డులు ఎవరడిగినా ఇచ్చేసేవాడు. అప్పుడే జట్టులోకి వచ్చినవాళ్ల మొదటి కార్డులు మాత్రం ప్రాణంగా దాచుకునేవాడు. "పేరొచ్చినంక అందరు చప్పట్లు కొడ్తరు. మొదటి దినం భయపడుకుంట నిలవడ్డడు సూడు, గా మొఖం నాకు గావాలె" అనేవాడు. మొదటి రోజు బాయి ముందర నేను వెనకడుగు వేస్తుంటే భుజం మీద చెయ్యి వేసిందీ ఆయనే.

ఎంత సబ్బు రుద్దినా మా గోళ్లలో నలుపు పోదు. అందుకని ఆల్బమ్ పేజీలు ఆయన భార్య తిప్పాలి, ఆయన చేతులు వెనక్కి కట్టుకుని చూడాలి. ఆమెను మేం చిన్నమ్మ అంటాం. దాచుకున్న కార్డు ఎవరికైనా చూడటానికి ఇస్తే ఆ అరలో ఒక చీటీ పెట్టించేవాడు. చీటీ మీద పేరుండదు, తీసుకున్నవాడి బిళ్ల నంబరు ఉంటుంది. బాయి దిగే ముందు మేం మా ఇత్తడి బిళ్ల ఇచ్చి లైటు తీసుకుంటాం. బిళ్ల బోర్డు మీద వేలాడుతుంటే మనిషి ఇంకా లోపలున్నట్టు. పైకొచ్చి లైటు అప్పజెప్పితేనే బిళ్ల చేతికొస్తుంది. కాక ఇంట్లోనూ అదే పద్ధతి.

బసంత్‌నగర్‌లో లారీలు ఆగేచోట ఒక చిన్న డబ్బాకొట్టులో ఆయనకు ఒక కార్డు దొరికింది. తర్వాత దేశమంతా పేరు మోగిన ఒక బ్యాట్స్‌మన్ మొదటి కార్డు. మా ఎరికలో ఇంకెవరి దగ్గరా లేదు. మా బామ్మర్ది నమ్మకపోతే, చూపించి తెస్తానని అడిగి తీసుకున్నాను. చూపించి మీసం మెలేశాను. మర్నాడు తిరిగిచ్చేద్దామని చొక్కా జేబులో పెట్టుకుని డ్యూటీకి వెళ్లాను. లైటు తీసుకునే హడావుడిలో మరిచిపోయి, అలాగే బాయి దిగాను. ఆ రోజు లోపల పైకప్పు నుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. పైకొచ్చి జేబులో చెయ్యి పెడితే తడిసి నల్లబడిన అట్ట చేతికొచ్చింది. ఆటగాడి ముఖం ఉండాల్సిన చోట బొగ్గు మసి ఉంది.

నిజం చెప్పడానికి నోరు రాలేదు. "ఇంట్ల భద్రంగున్నది కాకా, రేపు తెస్త" అన్నాను.

"జల్దేం లేదు బిడ్డా" అన్నాడు.

ఆ రేపు ఆయన రిటైరయ్యే దాకా, నా జుట్టు నెరిసే దాకా సాగింది. ఆయన ఒక్కసారి కూడా అడగలేదు. అడిగి ఉంటే నాలుగు తిట్లు తిని బతికిపోయేవాణ్ణి. వీధిలో ఆయన ఎదురైతే, పక్క సందులోకి తిరిగిన రోజులు కూడా ఉన్నాయి. సిగ్గుపడుతూనే రాస్తున్నాను.

దినాలయ్యాక ఆ అట్టముక్క పట్టుకుని వెళ్లాను. చిన్నమ్మ ముందు కూర్చుని అంతా చెప్పేశాను. ఆమె లేచి చేతులు కడుక్కుని ఆల్బమ్ తెచ్చి, నెమ్మదిగా పేజీ తిప్పింది. చుట్టూ రంగురంగుల ముఖాలు. మధ్య అరలో పాతబడి పచ్చబారిన చీటీ, దాని మీద నా నంబరు.

"పెద్దపల్లి నుంచి ఒకాయన గిదే కార్డు తెచ్చిండు బిడ్డా, కొత్తదాని లెక్కనే ఉన్నది. ఉత్తగనే ఇస్తనన్నడు. మీ కాక తీసుకోలే" అంది.

"ఎందుకు చిన్నమ్మా?"

"గా జాగల వేరేది పెట్టొద్దన్నడు. 'మావోడు ఇంకా లోపల్నే ఉన్నడు, వస్తడు' అన్నడు."

అప్పుడు ఏడ్చాను. ఇన్నేళ్లూ ఆయన నన్ను లెక్కపెడుతూనే ఉన్నాడు.

నల్లటి అట్టను ఆ అరలోకి నెట్టాను. చిన్నమ్మ చీటీ తీసి నా అరచేతిలో పెట్టింది.