అక్కయ్య ఎదురు వచ్చిన రోజు

భవానీపురంలో మా ఇంటి ముందు కారు పట్టేంత వాకిలి ఉంది. కారు ముక్కుకీ గేటుకీ మధ్య ఒక మనిషి నిలబడి హారతి ఇచ్చేంత చోటు మిగులుతుంది. నేను రాస్తున్నది ఆ చోటులో జరిగినదాని గురించి.

ఇంట్లో ఇద్దరమే. నాకు డెబ్బై ఒకటి, అక్కయ్యకి డెబ్బై ఏడు. నా భార్య పోయాక కంకిపాడు నుంచి వచ్చి నా దగ్గరే ఉంటోంది. అక్కయ్యకి ఇరవై తొమ్మిదో ఏట భర్త పోయాడు. అప్పటి నుంచి ఎవరు బయలుదేరుతున్నా ఎదురు రాదు. నేను ఉద్యోగంలో చేరడానికి వెళ్లిన రోజు నాకు అన్నం పెట్టి, నేను చెప్పులు వేసుకునేసరికి వంటింట్లోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది. ఇవన్నీ మూఢనమ్మకాలని దాదాపు యాభై ఏళ్లుగా చెబుతూనే ఉన్నాను. ఆవిడ వింటూనే ఉంది, తలుపు వేసుకుంటూనే ఉంది.

కారు ముందు బ్రేకులు కీచుమంటున్నాయి. చక్రం విప్పి చూస్తే ప్యాడ్లు అరిగిపోయి రేకు కనబడుతోంది. డిస్కుల మీద వేలికి తగిలేంత చారలు పడ్డాయి. మెకానిక్‌కి ఇవ్వొచ్చు. కానీ ఇబ్రహీంపట్నంలో యంత్రాల మెయింటెనెన్స్‌లో ముప్పై నాలుగేళ్లు చేసినవాణ్ణి. నాలుగు బోల్టులు విప్పడానికి ఇంకొకరి దగ్గరికి పోవడం నామోషీ అనిపించింది. కొత్త ప్యాడ్లు, కొత్త డిస్కులు కొనుక్కొచ్చి, ముందు రోజు సాయంత్రం డైరీలో పనిని పదమూడు అంశాలుగా రాసుకున్నాను.

వెనక చక్రాలకి ఇటుకలు అడ్డం పెట్టి, జాకీ ఎత్తి, కింద స్టాండ్లు పెట్టాను. కుడివైపు డిస్కు తుప్పుతో అతుక్కుపోయి గంటసేపు రాలేదు. నూనె పోసి, చెక్క సుత్తితో చుట్టూ కొడుతూ కూర్చున్నాను. అక్కయ్య గడపలో కూర్చుని చిక్కుళ్లు ఈనెలు తీస్తోంది.

"పెళ్లికూతుర్ని చేసినా ఇంతసేపు పట్టదురా," అంది.

"మధ్యాహ్నానికి అయిపోతుంది."

"ఏ రోజు మధ్యాహ్నానికి?"

కొత్త ప్యాడ్లు మందంగా ఉంటాయి. అవి పట్టాలంటే బ్రేకులోని పిస్టన్‌ని క్లాంపుతో వెనక్కి నొక్కాలి. అలా నొక్కాక పెడల్‌లో పట్టు ఉండదు. బండి కదిపే ముందు పెడల్ గట్టిపడేదాకా పదిసార్లయినా తొక్కాలి. అప్పుడే ప్యాడ్లు డిస్కుల దగ్గరికి చేరతాయి. నా జాబితాలో పదమూడోది, చివరిది, అదే.

ఉద్యోగంలో ఒక నియమం ఉండేది. ఏ పని అయితే ఆ పని పక్కన అప్పుడే టిక్ పెట్టాలి, అన్నీ కలిపి చివర్లో పెట్టకూడదు. కలిపి పెట్టినవాళ్లని నిలబెట్టి తిట్టాను. ఆ రోజు చేతులు గ్రీజు. డైరీ పాడవుతుందని లోపలే ఉంచేశాను. చక్రాలు బిగించి, బండి కిందికి దించి, చేతులు కడుక్కుని అన్నం తిన్నాను. తిన్నాక పెన్ను తీసి ఒకటి నుంచి పదమూడు దాకా వరసగా టిక్కులు పెట్టాను. పదమూడోది లేచాక చేద్దామనుకుని పెట్టానో, చేసేశాననుకునే పెట్టానో ఇప్పటికీ చెప్పలేను. తర్వాత నిద్రపోయాను.

సాయంత్రం అక్కయ్య నాలుగు నిమ్మకాయలు తెచ్చింది.

"చక్రాలు ఊడదీసిన బండి. ఇవి తొక్కించకుండా రోడ్డెక్కించకు. ఎదురింటావిణ్ణి పిలుస్తాను, హారతి ఇస్తుంది."

"ఆవిడెందుకు? నువ్వుండగా."

"నేను ఎదురు రాకూడదురా."

"వస్తే ఏమవుతుందో ఈ రోజు చూద్దాం," అన్నాను. సరదాగానే అన్నాను. ఆవిడ కదల్లేదు. "నువ్వు రాకపోతే అసలు నిమ్మకాయలే వద్దు," అన్నాను. ఈ మాట సరదాకి కాదు.

లోపలికి వెళ్లి హారతి పళ్లెం తెచ్చి, గడపలో ఆగి, చివరికి కారు ముందుకి వచ్చింది. కొప్పు సరిచేసుకుంది. కర్పూరం వెలిగించింది. నాకు గెలిచినట్టు అనిపించింది.

గేటు తీయకముందే, చక్రాల కింద నిమ్మకాయలు నలిగేంత దూరం కదిపి ఆపుదామని బండి స్టార్ట్ చేశాను. చక్రాలు నిమ్మకాయల మీద నుంచి దిగగానే బ్రేకు తొక్కాను. పెడల్ నేల దాకా పోయింది. మళ్లీ తొక్కాను, మళ్లీ పోయింది. హ్యాండ్‌బ్రేకు లాగేలోపే కారు ఆవిణ్ణి గేటుకి నొక్కేసింది. పళ్లెం పడిన చప్పుడే విన్నాను.

మోకాలి కింద రెండు ఎముకలూ విరిగాయి. రాడ్డు వేశారు. మర్నాడు కంకిపాడు నుంచి మా చెల్లెలు ఆసుపత్రికి వచ్చింది. మంచం పక్కన నిలబడే అడిగింది.

"ఇన్నేళ్లు లేనిది, ఇప్పుడెందుకే ఎదురెళ్లావు? అన్నయ్యంటే వాదిస్తాడు, నీకు తెలియదా?"

"నాదే తప్పు. వాడికేమన్నా అయితేనో? నాతో పోయింది," అంది అక్కయ్య.

నా చేతిలో ఎక్స్‌రే కవరు ఉంది. పెడల్ సంగతి చెప్పాల్సింది అప్పుడే. చెబితే వీడు ముసలాడైపోయాడంటారు, కారు తాళాలు తీసుకుంటారు, అక్కయ్యని ఇక నా దగ్గర ఉంచరు. కవరులోంచి ఫిల్ము తీసి, వెలుతురుకి పట్టి చూస్తూ నిలబడ్డాను.

ఆ రాత్రి డైరీలో రాసింది ఇంతే: "బ్రేకు పడలేదు. అక్కయ్యకి కాలు విరిగింది." అది అబద్ధం కాదు. బండి కదిపే ముందు నేను పెడల్ తొక్కలేదని మాత్రం అందులో లేదు.

ఇంటికి వచ్చాక ఆవిడ మాట్లాడడం తగ్గించింది. ఎదురింటావిడ పలకరించడానికి వస్తే, వెళ్లేటప్పుడు మొహం గోడవైపు తిప్పుకుంది. ఎవరైనా బయటికి వెళుతుంటే కళ్లు మూసుకుంటోంది. పంతొమ్మిదో రోజున నేను ఆ జాబితా ఉన్న పేజీ తీసి, పదమూడో టిక్కు పక్కన ఉన్నదున్నట్టు రాశాను. పెడల్ తొక్కలేదు. తొక్కకుండానే టిక్ పెట్టాను. ప్రమాదానికి కారణం ఇది, ఇంకేదీ కాదు. డైరీ తీసుకెళ్లి ఆవిడ చేతిలో పెట్టాను, కళ్లజోడు ఇచ్చాను.

నిదానంగా చదివింది. రెండుసార్లు చదివింది.

"ఇది నల్ల సిరా," అంది. "మిగతాదంతా నీలం."

"తర్వాత రాశాను, అక్కయ్యా."

"నువ్వు ఏ రోజు సంగతి ఆ రోజే రాస్తావు. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాగా. నిజమైతే ఆ రోజే రాసేవాడివి."

"భయపడి రాయలేదు."

"నా బాధ చూడలేక రాశావు. నాకు తెలుసులే." డైరీ మూసి, నా చేయి తట్టి, తిరిగి ఇచ్చింది. "చెల్లికి చూపించకు. నవ్వుతుంది."

అదే రోజు చెల్లెలికి ఫోన్ చేసి అంతా చెప్పాను. "అక్కయ్య నమ్మిందా?" అని అడిగింది. లేదన్నాను. "నేనూ నమ్మలేను, అన్నయ్యా. నువ్వు అలాంటివి మర్చిపోయే మనిషివి కాదు," అంది.

ఇప్పుడు అక్కయ్య వాకర్‌తో నడుస్తోంది. బ్రేకులు బాగా పడుతున్నాయి. కూరలకి బయలుదేరేటప్పుడు నేను మేకు మీద నుంచి తాళాలు తీస్తాను. ఆ చప్పుడుకి ఆవిడ కుర్చీలోంచి లేస్తుంది. వంటింటికి పదకొండు అడుగులు. అంత దూరానికి ఆవిడకి ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు. కూర్చోమంటే వినదు. వాకర్ చప్పుడు ఆగి, తలుపు దగ్గరగా వేసిన చప్పుడు వినబడేదాకా నేను తాళాలు పట్టుకుని వాకిట్లో నిలబడతాను.