అత్తగారి ప్రార్థన పూర్తయ్యేదాకా

మా అత్తగారికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, మాట రెండూ ఒక్కసారే పడిపోయాయి. అప్పటిదాకా కళింగపట్నంలో ఒక్కతే ఉండేది. ఆసుపత్రి నుంచి నేరుగా శ్రీకాకుళంలోని మా అద్దె ఇంటికి తెచ్చుకున్నాం. మా ఆయనది కొత్తవలసలో రైల్వే ఉద్యోగం. శనివారం సాయంత్రం వచ్చి, సోమవారం తెల్లారకముందే వెళ్ళిపోయేవారు. మిగతా రోజులు నేనూ, ఇద్దరు ఆడపిల్లలూ, అత్తగారూ. మేము స్కూళ్ళకి వెళ్ళాక ఇంటి ఓనరమ్మ ఆమెను చూసుకునేది.

నేను ఎచ్చెర్ల వైపు ఒక హైస్కూల్లో లెక్కలు చెప్తాను. ఏడున్నర బస్సు తప్పితే ఇంకో బస్సుకి ముప్పావుగంట ఆగాలి. ఆలోగా ఇడ్లీలు, అత్తగారికి జావ, మందులు, ఇద్దరి జడలు, మూడు క్యారేజీలు అన్నీ అయిపోవాలి. అన్నీ అయ్యాక ప్రార్థన. ప్రార్థన చేసుకోకుండా గడప దాటడం మా అత్తగారింట ఎప్పుడూ లేదు.

ఒకప్పుడు ఆమె ప్రార్థన చేస్తే వీధి చివరికి వినిపించేది. తన ఊరి చర్చి సంఘంలో స్త్రీల కూటం నడిపిన మనిషి. ఇప్పుడు ఒక్కో మాటా వెతుక్కుని, పెదవుల దాకా తెచ్చుకుని, సగంలో పోగొట్టుకుని, మళ్ళీ మొదలుపెట్టేది. నేను కళ్ళు మూసుకునే బస్సు ఎక్కడిదాకా వచ్చి ఉంటుందో లెక్క వేసేదాన్ని. ఆదివారాల్లో సండే స్కూలు పిల్లలకి బైబిల్లోని ఆత్మఫలాలు, ప్రేమ, సంతోషం, సమాధానం, దీర్ఘశాంతం అంటూ వరుసగా కంఠస్థం చేయించేది నేనే. దీర్ఘశాంతం, అంటే ఓర్పు, దాని దగ్గర ఎవరైనా తడబడితే మళ్ళీ మొదటినుంచీ చెప్పించేదాన్ని కూడా.

పదో తరగతి ప్రీఫైనల్ పరీక్షల రోజు పొద్దున్న, అత్తగారు ఒక మాట దగ్గర ఆగిపోయింది. "పెబువా, నా... నా..." అంటోంది. గోడగడియారం ఏడూ ఇరవై దాటింది. నాకు తెలియకుండానే "ఆమెన్" అనేశాను. పిల్లలు కూడా ఆమెన్ అనేసి బ్యాగులు తగిలించుకున్నారు. వాకిట్లో చెప్పులు వేసుకుంటూ వెనక్కి తిరిగి చూశాను. ఆమె ఇంకా కళ్ళు మూసుకునే ఉంది. పెదవులు కదులుతున్నాయి.

బస్సు దొరికింది.

మర్నాడు ప్రార్థనకి కూర్చుంటే ఆమె ఎడంచెయ్యి నా వైపు ఊపింది. "నువ్వే... సెయ్యమ్మా" అంది. నేను రెండు నిమిషాల్లో ముగించాను. ఆ వారమంతా అలాగే సాగింది. అబద్ధం ఎందుకు, నాకు ప్రాణానికి హాయిగా ఉంది. బస్టాపులో నిలబడి టీ తాగేంత తీరిక దొరికింది.

శనివారం మధ్యాహ్నం పెద్దమ్మాయికి తలంటుతున్నాను.

"అమ్మా, నాన్నమ్మ ఇంక నీకోసం పార్థన సెయ్యదా?" అంది.

"నాకోసమేటి?"

"ముందర నాన్నకి, తర్వాత మా ఇద్దరికీ, ఆకర్న నీకు సేస్తాది కదా. 'నా కోడలు' అనబోయేసరికి నువ్వు ఆమెన్ అనేసినావు."

నా చేతులు ఆగిపోయాయి. ఆమె నాకోసం ప్రార్థిస్తుందని నాకు తెలియదు. తెలిసే వీలేది? రోజూ ఆ చివరి మాటల వేళకి నా మనసు బస్టాపులో ఉండేది.

పిల్ల తల తుడిచి అత్తగారి మంచం దగ్గరికి వెళ్ళాను. ఆమె ఎడంచేత్తో రబ్బరు బంతి నొక్కుతోంది. కుడిచేతి వ్యాయామానికని ఆసుపత్రిలో ఇచ్చిన బంతి అది. నేను కింద కూర్చుని, "అత్తా, ఆ రోజు నేను అలాగ అనకుండా ఉండాల్సింది. నన్ను చెమించు" అన్నాను. కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను.

ఆమె నా మొహంలోకి వింతగా చూసింది. "ఏటే... ఏడుస్తన్నావా?" అంది. తర్వాత ముక్కలు ముక్కలుగా చెప్పింది. "నాకు కోపం... నేదే. నోరు... తిరగట్నేదు. పిల్లలు... నవ్వుతారని... సిగ్గు." అంత గొంతు ఉన్న మనిషికి సిగ్గు వేసిందంటే నాకు ఇంకా బాధ కలిగింది. నేను ఆమె చేతిలోని బంతి తీసి కుడి అరచేతిలో పెట్టి, నా చేత్తో కలిపి నొక్కాను.

ఒప్పందం ఆమే చెప్పింది. "పొద్దున్న... నీది. సాయంత్రం... నాది."

సోమవారం సాయంత్రం మొదటి ప్రార్థన. పొయ్యి మీద కందిపప్పు పెట్టి, సిమ్‌లో ఉంచి వచ్చి కూర్చున్నాను. ఆమె కొడుకుతో మొదలుపెట్టింది. పిల్లలు, కళింగపట్నంలో పక్కింటివాళ్ళు, వేటకెళ్ళిన వాళ్ళ పడవలు, మందులిచ్చిన నర్సమ్మ. మధ్యలో చిన్నమ్మాయి నా ఒళ్ళో నిద్రపోయింది. పప్పు అడుగంటుతున్న వాసన వచ్చింది. లేవబోయి, కూర్చుండిపోయాను. వాసన ఘాటెక్కింది. అప్పుడు ఆమె "నా కోడలు" అంది, తడబడకుండా. "దానికి... కాళ్ళు నొప్పులు, పెబువా. నిలబడి... నిలబడి..." నా కాళ్ళ నొప్పుల గురించి నేను ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు. మంచం మీంచి చూస్తూ తెలుసుకుంది.

ఆమెన్ అని కళ్ళు తెరవగానే ముక్కు ఎగబీల్చింది. "పప్పు... మాడిపోనాదే! సెప్పొద్దా?"

"నువ్వు పార్థనలో ఉన్నావు కదా అత్తా."

"దేవుడికి... తెల్దేటి? పొయ్యి... కట్టేసుకోవాల."

ముగ్గురం పడీపడీ నవ్వాం. ఆ రాత్రి ఆవకాయతో, మజ్జిగతో తిన్నాం.

మాట తిరిగి రావడానికి ఏడాది పైనే పట్టింది. పూర్తిగా రాలేదు కూడా. నేను దీర్ఘశాంతం నేర్చేసుకున్నానని చెప్పను. నిన్న కూడా సాక్సు ఒకటి కనబడక పిల్లల మీద అరిచాను. కానీ మొన్న మా సంఘం స్త్రీల కూటంలో, వచ్చిన చాలాకాలానికి మొదటిసారి, అత్తగారు ప్రార్థనకి లేచి నిలబడింది. నేను పక్కనే భుజం పట్టుకున్నాను. సగంలో మాట అందక ఆగిపోయింది. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. బయట ఆటోలు హారన్లు కొడుతున్నాయి. ఒక్కరూ కదల్లేదు. ఆమె ఆ మాట వెతుక్కుంది, దొరికింది, ప్రార్థన తనే పూర్తిచేసుకుంది.